ఏరియల్ పీకిన సాయంత్రం

మా వంటగదికీ రేడియో గదికీ మధ్య ఒకటే గోడ. అటు మా ఆయన ప్రపంచంతో మాట్లాడేవాడు, ఇటు నేను ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఇద్దరిలో ఎవరి పని ఇంటికి పనికొచ్చిందో మీరే చెప్పండి.

ప్రపంచంతో మాట్లాడటం అంటే ఏదో ఘనకార్యం అనుకునేరు. హామ్ రేడియో అని ఒక వ్యసనం ఉంది. ఉద్యోగం కాదు, జీతం రాదు. పరీక్ష రాస్తే లైసెన్సు ఇస్తారు. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకుని, ఇంట్లో సొంత రేడియో స్టేషను పెట్టుకోవచ్చు. సముద్రాల అవతల ఇలాంటి చట్రమే తగిలించుకున్న ఇంకో మగమహారాజు దొరుకుతాడు. ఇద్దరూ మోర్స్ అనే చుక్కలూ గీతల భాషలో కూతలు కూసుకుంటారు. నీ కూత నాకు బాగా వినపడుతోంది, నా కూత నీకెలా ఉంది? నా సెట్టు ఫలానాది, నీదేది? ఇక్కడ మబ్బు పట్టింది. ఉంటా మరి. అంతే, అయిపోయింది. వీధి చివరి మనిషిని అడిగే మాట భూమికి అటువైపు మనిషిని అడగడానికి ఒక గది, ఒక జీవితం కావాలట. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

వాళ్ళేం మాట్లాడుకుంటారో నాకెలా తెలుసంటే, నాకు ఆ భాష వచ్చు. పెళ్ళైన కొత్తలో ఆయన పరీక్షకు చదువుతూ గోడ అవతల రోజూ సాధన చేసేవాడు. అటు ఆయన తప్పులు కొడుతూ నేర్చుకుంటే, ఇటు నేను కూర కలుపుతూ తప్పుల్లేకుండా నేర్చుకున్నాను. ఆయన పరీక్ష తప్పాడు, మళ్ళీ తప్పాడు, ఆ తర్వాత ఎలాగో గట్టెక్కాడు. నాకు వచ్చని మాత్రం చెప్పలేదు. చెబితే పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి నాకే పాఠాలు చెప్పేవాడు. అదీకాక, మనం వింటున్నామని తెలియని మనిషి మాటలు వినడంలో ఒక సుఖం ఉంది.

ఈ భాషలో ఇంకో సంగతి ఉంది. చేతిరాతలాగే కొట్టే చెయ్యి కూడా ఒక్కొక్కరిది ఒక్కో రకంగా ఉంటుంది. పేరు చెప్పకపోయినా చెయ్యి విని మనిషిని పోల్చుకోవచ్చు. మా ఆయన చెయ్యి దరిద్రపు చెయ్యి. మొదటి అక్షరం దగ్గర తడబడి, దాన్ని మళ్ళీ కొడితే గానీ మాట సాగదు. నత్తి ఉన్న మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. నాలుకకు లేని నత్తి చేతికెక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

ఆయన అన్నయ్య చెయ్యి వేరు. మా బావగారు సరుకు ఓడల మీద రేడియో ఆపరేటరు. ఎడమచేతి వాటం మనిషి. తొందరపడేవాడు కాదు. ప్రతి మాట చివర ఆఖరి గీతను కొద్దిగా సాగదీసేవాడు, వినేవాళ్ళ కోసం తలుపు తెరిచి పట్టుకున్నట్టుగా. పెళ్ళిలో తప్ప మళ్ళీ ఆయన్ని చూడలేదు నేను. కానీ ఆ చెయ్యి మటుకు గోడ ఇవతల నుంచి చాలాసార్లు విన్నాను. నిజం చెప్పాలంటే వంట ఆపి మరీ వినేదాన్ని.

ఈ ఇల్లు వాళ్ళ నాన్న కట్టించింది. మా వంటగది ఒకప్పుడు పెద్దవాడి గది, రేడియో గది చిన్నవాడిది. మధ్య గోడకు అటొకటి ఇటొకటి మంచాలు. పెద్దవాళ్ళు పడుకున్నాక అన్నదమ్ములిద్దరూ ఆ గోడ మీదే చెమ్చాలతో కొట్టుకుంటూ కబుర్లాడేవాళ్ళట. అక్షరాలు పరాయివే, మాటలు మాత్రం మనవి. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి సబ్బుపెట్టెల్లో రెండు బుల్లి సెట్లు తయారుచేశారు. రెండింటికీ ఒకటే లోపం. బ్యాటరీ చాలక, ప్రతి కూతా చివర్లో పైకి జారేది, అచ్చం పిచ్చుక అరిచినట్టు. అందుకని వాటికి పిచ్చుకలని పేరు పెట్టుకున్నారు. ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది, రెండోది అన్నయ్యతో పాటు ఓడెక్కింది. ఓడలో ఎంత పెద్ద సెట్టున్నా, డ్యూటీ అయ్యాక బావగారు ఆ సబ్బుపెట్టెతోనే తమ్ముణ్ణి పిలిచేవాడు. పొద్దు వాలే వేళకే పిలిచేవాడు. వెలుగూ చీకటీ కలిసే ఆ కాసేపే చిన్న చిన్న కూతలు కూడా చాలా దూరం పోతాయట. ఈ సంగతి మా ఆయన పాలవాడికి కూడా చెప్పాడు.

ఒక సాయంత్రం పిలుపు వచ్చింది గానీ గరగర శబ్దంలో కలిసిపోయింది. అన్నయ్య ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో తెలియలేదు. ఈయన సెట్టుకు చెవి ఆనించి, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని కొడుతూనే ఉన్నాడు. తర్వాత అదీ ఆగిపోయింది. ఓడ మునిగిందని కంపెనీవాళ్ళు వచ్చి చెప్పారు. ఒక్క మనిషీ దొరకలేదు, ఒక్క చెక్కా దొరకలేదు.

ఆయన ఏడవలేదు. "సెట్టు మంచిదైతే వినపడేది," అన్నాడు.

ఆ మాటతో మొదలైంది. సైన్యంవాళ్ళు పాత సామాను వేలం వేస్తే ఒక ఆకుపచ్చ ఇనుపపెట్టె కొనుక్కొచ్చాడు. నలుగురు మోస్తే గానీ లోపలికి రాలేదు. లోపల గాజు బల్బులు ఎర్రగా వెలిగేవి, గది కుంపటిలా ఉండేది. వానాకాలం దాని మీద సాక్సులు ఆరబెట్టేదాన్ని. నేను చూసినంతలో అది ఇంటికి చేసిన మేలు అదొక్కటే. అది వచ్చిన రోజునే పిచ్చుకను విప్పి, ముక్కలు డబ్బాలో పడేశాడు. "అదొక సెట్టా, ఆటబొమ్మ," అన్నాడు. ఆకుపచ్చ పెట్టె స్పీకరు రాక్షసిలా అరిచేది. నాలుగు రోజులు భరించి, ఐదో రోజు గరిట విసిరాను. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు కొన్నాడు. అప్పటినుంచి ఆయన గోల ఆయన చెవుల్లోనే ఉంది, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఒక్కటి మాత్రం వినపడేది. సరిగ్గా పొద్దు వాలే వేళ, గోడ దగ్గర సన్నగా పిచ్చుక కూత వచ్చేది. హెడ్‌ఫోన్ల సందులోంచి బయటకు వస్తోంది కాబోలు అనుకున్నాను.

మొదటిసారి విన్న రోజు ఆయన గదిలోంచి బయటికొచ్చి, గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నయ్య చెయ్యి వినపడిందనీ, మాటలు తెలియడం లేదు గానీ చెయ్యి మాత్రం అన్నయ్యదేననీ చెప్పాడు. భ్రమ పడ్డారు, ముఖం కడుక్కుని రండి, అన్నాను.

భ్రమ కాదని నాకు తెలుసు. నేనూ విన్నాను. ఆయనకు తెలియని మాటలు నాకు తెలిశాయి. ఒకటే మాట. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ అదే.

'రానా?'

ఆఖరి గీత సాగదీస్తూ, ఓపిగ్గా అడుగుతున్నాడు.

నేను చెప్పలేదు. నా గుట్టు బయటపడుతుందని కొంత. అంతకంటే ముఖ్యంగా, అన్న 'రానా' అంటే తమ్ముడు ఏమంటాడు? రమ్మంటాడు. ఇంకేమంటాడు? సముద్రం అడుగుకు పోయిన మనిషి అక్కణ్ణుంచి ఎలా వస్తాడు, ఏమై వస్తాడు అని ఆలోచించే బుర్ర ఆయనకు లేదు. ఉంటే ఆకుపచ్చ పెట్టె కొనడు. మా ఆయన మూర్ఖుడే కావచ్చు, నాకున్నది ఆ మూర్ఖుడొక్కడే. ఆయనకు ఆ మాట వినపడకూడదు, వినపడినా పలకకూడదు. నేను కోరుకున్నది అదొక్కటే.

విచిత్రం ఏమిటంటే, చెవులకు తగిలించుకుని ఆయన వినలేని మాటను నేను గోడ ఇవతల, కూర వేగే చప్పుడులో, శుభ్రంగా వినేదాన్ని. ఎందుకలా అని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. ఆయన పనితనం అంతే అనుకున్నాను.

తర్వాత ఏళ్ళ తరబడి ఆయన సెట్టు మీద సెట్టు ఎక్కుతూ పోయాడు. ఆకుపచ్చ పెట్టె పోయి, అంకెలు మెరిసే కంపెనీ సెట్టు వచ్చింది. రాగానే ఆకుపచ్చ పెట్టె 'తుక్కు' అయింది. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నదాన్ని ఇవాళ తుక్కు అనడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. చిన్న సెట్లున్నవాళ్ళను మనుషుల్లో లెక్కవేసేవాడు కాదు. మా పళ్ళ డాక్టరుగారు కూడా ఈ జాతివాడే, పాపం చిన్న సెట్టు. ఆయన ఇంటికొస్తే మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకా దాంతోనే లాగిస్తున్నారా?" అని జాలిగా అడిగేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

ఆ తర్వాత కూతను వందల రెట్లు పెంచే యంత్రం వచ్చింది. అది నడిస్తే మా ఇంట్లో దీపాలు మసకబారేవి, ఎదురింట్లో కాలింగ్ బెల్లు దానంతటదే మోగేది. ఎదురింటావిడ తలుపు తీసి, ఎవరూ లేక, నన్ను తిట్టి పోయేది. సన్నటి కూత వినడానికి ఇంత యంత్రం ఎందుకండీ అంటే, నేను పిలిచింది అన్నయ్యకు గట్టిగా అందాలి అన్నాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. ఆ తర్వాత డాబా మీద ఇనుప స్తంభం లేచింది, దాని నెత్తిన గిర్రున తిరిగే ఏరియల్. చివరికి కంప్యూటరు వచ్చింది. తెర మీద ఆకాశంలోని ప్రతి కూతా ఒక గీతలా పడుతుంది. కొట్టడం కూడా కంప్యూటరే కొడుతుంది. ఆ పుణ్యమా అని ఆయన నత్తి చెయ్యి ప్రపంచానికి తప్పిపోయింది.

పిల్లల్లేని లోటు ఈ పెట్టెలు తీర్చాయని మా అక్క అనేది. పిల్లలైతే ఎదిగేవాళ్ళు. ఇవి పాతబడ్డాయి, అంతే తేడా.

ఇంత చేసినా అన్నయ్య కూత ఇసుమంతైనా పెరగలేదు. ఆ పిచ్చుక కూత ఆకుపచ్చ పెట్టెలో ఎంతుందో కంప్యూటరులోనూ అంతే ఉంది. పైగా తెర మీద దానికి గీత పడదు. చెవికి ఉంది, తెరకు లేదు. ఇది చూసి మరో మనిషైతే ఆలోచనలో పడేవాడు. ఈయన మాత్రం, "ఇంకా మంచి సెట్టు కావాలి," అని కేటలాగు తెరిచాడు.

నేను చెప్పబోయే సాయంత్రానికి ముందు వారమే పళ్ళ డాక్టరుగారు ఫోన్ చేసి, తన సెట్టులో ఏదో గోల వస్తోందని వాపోయారు. మా ఆయన నవ్విన నవ్వు వంటగదిలోకి వినపడింది. "ముందు ఏరియల్ పీకి చూశారా? పీకితే గోల ఆగిపోయిందా, అది బయటి నుంచి వస్తున్నట్టు. పీకినా ఆగలేదా, అది మీ ఇంట్లోదే. పాలు తాగే పిల్లాడికి తెలుసండీ ఇది," అన్నాడు. డాక్టరుగారు పీకి చూశారు. చేపలతొట్టి దీపంలోంచి వస్తోందట ఆ గోల. మా ఆయన ఆ కథ ఊరందరికీ చెప్పి నవ్వాడు.

తన సెట్టుకు ఆ ముక్క ఏనాడూ చేసి చూడలేదు. పెద్దవాళ్ళు చేసే పని కాదు గదా అది.

ఇంక ఆ సాయంత్రం గురించి చెబుతాను.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. పగలంతా ఎండలో కాగిన డాబా వేడి కిందికి దిగుతోంది. వంటింటి కిటికీలోంచి వేడి దుమ్ము వాసన. వెలుతురు పోతోంది గానీ చీకటి ఇంకా పడలేదు. ఎక్కడో దూరంగా ఆకాశం ఊరికే మెరుస్తోంది. ఉరుము లేదు, వాన లేదు. ఎదురింటావిడ బట్టలు తీసుకుని లోపలికి పోయింది. వీధిలో కుక్క కూడా లేదు. నేను వంకాయలు కోస్తున్నాను.

మెరుపులొస్తే ఏరియల్ తీగ పీకి కిటికీ బయట పడేయాలి. లేకపోతే పిడుగు తీగ వెంట ఇంట్లోకి దిగుతుంది. ఆ విషయంలో మా ఆయన మహా జాగ్రత్త. మామూలుగా ముందు సెట్టు కట్టేసి, తర్వాత తీగ పీకుతాడు. వాన చప్పుడులో నాకూ ఏదీ వినపడేది కాదు. ఆ రోజు వాన లేదు. ఆయన అన్నయ్య కోసం చెవులు రిక్కించి కూర్చుని ఉన్నాడు. సరిగ్గా మా డాబా మీదే మెరిసినట్టు కళ్ళు చెదిరే మెరుపు ఒకటి మెరిసింది. ఆయన ఉలిక్కిపడి, సెట్టు కట్టేయకుండానే తీగ పీకేశాడు. పీకిన చప్పుడు నాకు వినపడింది.

పిచ్చుక ఆగలేదు.

'రానా?'

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన తీగ చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. ఏరియల్ పీకినా ఆగని గోల ఎక్కడిదో... పాలు తాగే పిల్లాడికి తెలుసు.

టక్. సెట్టు కట్టేశాడు.

'రానా?'

టక్. యంత్రం. టక్. కంప్యూటరు. చివరికి గోడకున్న పెద్ద స్విచ్చు. ఆ గదిలో ఇన్నేళ్ళుగా ఆగని హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ హోరు ఉండేదని కూడా నాకు అప్పుడే తెలిసింది.

'రానా?'

నా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. హెడ్‌ఫోన్ల సందులోంచి కాదు... సెట్టులోంచి కాదు... నా ముఖానికి జానెడు దూరంలో గోడ. తెల్ల సున్నం. మేకుకు వేలాడుతున్న గరిటలు. గోడ లోపలి నుంచి... ఎప్పుడూ గోడ లోపలి నుంచే.

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. ఉత్త చెవులతో మొదటిసారి వింటున్నాడు.

"ఇది... ఎప్పటినుంచి వస్తోంది ఇక్కడ?" అన్నాడు.

నేను వంకాయల వైపు తిరిగాను.

'రానా?' అంది గోడ.

ఇక దాచడానికేమీ లేదు. నత్తి చెయ్యి మనిషికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. ఆయన పెదాలు కదిలాయి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అర్థమైంది. ఆ ముఖంలో ఎంత సంతోషం వచ్చిందంటే, నాకు భయం వేసింది.

"అన్నయ్య... వస్తానంటున్నాడే."

"పలక్కండి," అన్నాను. గొంతు తగ్గించి, చెయ్యి పట్టుకుని, బతిమాలాను. నా జన్మలో ఆయన్ని బతిమాలింది అదొక్కసారే. "మీకు దణ్ణం పెడతాను. పలక్కండి."

నాకెలా అర్థమైందని ఆయన అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన బుర్రకు తట్టనిది ఆ క్షణంలో మాత్రం ఎందుకు తడుతుంది? ఆయన చూపంతా గోడ మీదే ఉంది. చిన్నప్పుడు మంచం వేసుకుని పడుకున్న గోడ.

సెట్ల కోసం వెతకలేదు. పది అడుగుల దూరంలో, ఆకాశం మొత్తాన్ని వినే యంత్రాలున్నాయి. ఆయన మేకు మీద చెయ్యి వేసి ఒక చెమ్చా తీసుకున్నాడు. పులుసులో ఉప్పు చూసుకునే చెమ్చా. ఇన్ని సెట్లు కొని, ఇన్ని తుక్కులో పడేసి, చివరికి దానికి వచ్చాడు.

నేను మణికట్టు పట్టుకునే లోపే కొట్టేశాడు. మొదటి అక్షరం దగ్గర తడబడ్డాడు. మళ్ళీ కొట్టాడు.

'రా.'

గోడ ఊరుకుంది.

కరెంటు పోయింది.

చీకటి. పొయ్యి మీద మంట కూడా లేదు, నేను ఆర్పలేదు. వేడి దుమ్ము వాసన పోయింది. దాని బదులు ఇంకేదో... ఉప్పు. తుప్పు. నానిన తాడు. సముద్రం మాకు రైల్లో ఒక రాత్రి దూరం. ఆ వాసన నా జుట్టులోకి దిగుతోంది. కాళ్ళ కింద నేల చల్లబడింది. నా పక్కన ఆయన ఊపిరి వినపడుతోంది. ఊపిరి... ఆగింది. నేను చెయ్యి చాచాను. గోడ తగిలింది. తడిగా ఉంది. ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచాను. పిలవలేకపోయాను. పిలిస్తే ఎవరు పలుకుతారో అనిపించింది...

ఊపిరి మళ్ళీ మొదలైంది. నెమ్మదిగా, తీరుబడిగా.

కరెంటు వచ్చింది. ఆయన అక్కడే ఉన్నాడు. అదే చొక్కా, మెడలో అవే హెడ్‌ఫోన్లు. ముఖం ప్రశాంతంగా ఉంది. చెమ్చాను తిరిగి మేకుకు తగిలించి, దాహంగా ఉందని అడిగాడు. ఇచ్చాను. తాగి, ఇంకా అడిగాడు. బిందె సగం అయింది.

చెమ్చాను ఎడమచేత్తో తగిలించాడు.

మర్నాడు పళ్ళ డాక్టరుగారిని పిలిచి, సెట్లన్నీ తీసుకుపొమ్మన్నాడు. ఒక్క స్క్రూ కూడా మిగల్చలేదు. స్తంభం విప్పించాడు. ఆ గది ఖాళీ అయిపోయింది. ఏళ్ళ తరబడి నేను అడిగింది అదే, కాబట్టి నాకు నోరెత్తడానికి లేదు. డాక్టరుగారు వెళ్తూ వెళ్తూ, ఎలా మాన్పించావు చెల్లెమ్మా అన్నారు. సెట్టు పనిచేస్తోందో లేదో చూపించడానికి మా ఆయన రెండు మాటలు కొట్టాడట. "ఎంత ముచ్చటగా ఉందమ్మా ఆ చెయ్యి. ఆఖరి గీత అలా సాగదీస్తూ... ఇన్నాళ్ళూ కంప్యూటరు వెనక దాచేశాడు మహానుభావుడు," అన్నారు.

ఇప్పుడు మా ఆయన మంచివాడు. ఎవరినీ వెక్కిరించడు. ఎదురింటావిడకు క్షమాపణ చెప్పి వచ్చాడు. నీళ్ళలో ఉప్పు కలుపుకుని తాగుతాడు, అదొక్కటే కొత్త. పొద్దు వాలే వేళకు పనులన్నీ ఆపించి, నన్ను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుంటాడు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంటాడు. వీధిలో పోయేవాళ్ళు చూసి ముచ్చటపడతారు. ఈ వయసులో ఏం ప్రేమమ్మా అంటుంది ఎదురింటావిడ. ఆ చేతులు చల్లగా ఉంటాయి. పక్కన ఎంతసేపు కూర్చున్నా వెచ్చబడవు.

ఆ వేళకే వంటింటి గోడలో పిచ్చుక మొదలవుతుంది. వరండాలోకి సన్నగా వినపడుతుంది.

ఇది బావగారి చెయ్యి కాదు. మొదటి అక్షరం దగ్గర తడబడుతుంది. ఆగి, మళ్ళీ కొడుతుంది. ఎంత నవ్వుకున్నాను ఆ చెయ్యిని చూసి. ఇప్పుడు ఆ తడబాటు వింటే నాకు దుఃఖం ఆగదు. గోడలోంచి ఆయన కూడా అడిగేది ఆ మాటే. తొందరగా, భయంగా, ఊపిరాడనట్టు.

'ర... రానా? ర... రానా?'

రమ్మందామంటే ఒక్క మాట చాలు. రమ్మంటే ఎవరు వస్తారో, ఏమై వస్తారో, ఎవరు పోతారో నాకు తెలియదు. వంటింట్లో చెమ్చాలన్నీ అలాగే వేలాడుతున్నాయి. నా చేతులు మాత్రం పక్కనున్న మనిషి చేతుల్లో ఉంటాయి. గట్టిగా ఏం పట్టుకోడు. చీకటి పడి, గోడ అలిసిపోయి ఆగిపోయేదాకా వదలడు.

నిన్న సాయంత్రం పిచ్చుక మామూలు కంటే ఎక్కువసేపు పిలిచింది. నేను గోడవైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆయన బొటనవేలు నా అరచేతిలో కదిలింది. మెల్లగా, తొందరలేకుండా, ప్రతి మాట చివరా ఆఖరి గీతను కొద్దిగా సాగదీస్తూ.

'ఇన్నేళ్ళూ నేను అడిగింది వాణ్ణి కాదు, నిన్ను. వింటూనే ఉన్నావు. పలకలేదేం?'

నాకు ఆ భాష వచ్చని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.